వీపుసంచి కథ

విస్సన్నపేట ప్రాంతములో మామిడి కోతలు వేసవిలో ముమ్మరముగా సాగును. నూజివీడు సీమగా పేరుపొందిన ఆ మెట్టభూములలో, తెల్లవారకముందే చిక్కములు పట్టిన మనుషులు చెట్లక్రిందికి చేరుదురు. పొడుగాటి గడ కొనకు కట్టిన వలసంచియే చిక్కము. కాయకు దెబ్బ తగులకుండ, సొన ఒలికి తొక్క మాడకుండ, బంగినపల్లినీ రసాలనూ కొమ్మనుండి దింపుట ఒక పని. దింపిన కాయను చెట్టు మొదలునుండి బండి ఆగిన బాటదాక చేర్చుట మరియొక పని. మొదటి పనిని గూర్చి అందరును చెప్పుదురు. రెండవదానిని గూర్చి చెప్పువారు అరుదు. అది బరువు మోయు పని.

ఆ మధ్య అటువంటి తోట యొకదానికి పోయినప్పుడు, కావలి పాకలో నిట్రాటకు తగిలించిన ఒక పాత సంచి నా కంటబడినది. మందమైన కాన్వాసు గుడ్డ. ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండి, ఇప్పుడు ఎండుటాకు రంగునకు తిరిగినది. వెలుపల మూడు జేబులు. వెనుకవైపున ఉక్కు గొట్టమును వంచి చేసిన చట్రము, రెండు భుజముల పట్టీలు, తుప్పు పట్టిన బకిళ్ళు. అందులో కొడవళ్ళు, పురికొస, ఒక పాత టార్చిలైటు ఉన్నవి. యజమాని నవ్వుచు, “మా తాతగారు యుద్ధం అయిపోయాక డిస్పోజల్స్‌లో కొన్నారండీ. ఎందుకు కొన్నారో ఆయనకే తెలియాలి. పారెయ్యబుద్ధి కాక ఉంచాం,” అన్నాడు.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప, సైన్యమువద్ద మిగిలిపోయిన దుప్పట్లు, గుడారములు, బూట్లు, సంచులు మన పట్టణములలో వేలమునకు వచ్చినవి. ఈ సంచియు ఆ దారినే వచ్చియుండును. దాని రూపమునుబట్టి చూడగా అది పర్వతారోహకుల సంచుల వంశమునకు చెందినది. జర్మను భాషలో వీపును, సంచిని చెప్పు రెండు మాటలు కలసి ‘రక్‌సాక్’ అయినది. అనగా ‘వీపుసంచి’ యనియే అర్థము. కొండ కనుచూపు మేర కానరాని మామిడితోటలో కొండల సంచి యొకటి కొడవళ్ళు మోయుచుండుట చూచి, ఆ వస్తువు ఎట్లు పుట్టినదో, ఎట్లు మారినదో శ్రోతలకు చెప్పవలెనని నాకు తోచినది.

ఈ కథలో గుడ్డ, తోలు, ఇనుము వచ్చి పోవుచుండును. విడువక సాగు ప్రశ్న ఒక్కటే: బరువును మనిషి దేహములో ఏ చోట నిలుపవలెను?

ఈ ప్రశ్నకు మన పల్లెలు చాలకాలము క్రిందటనే రెండు చక్కని సమాధానములు చెప్పినవి. మొదటిది తల. చుట్టకుదురు పెట్టుకొని, దానిపై గంప నిలిపిన స్త్రీ నడకను గమనింపుడు. మెడ కదలదు, నడుము మాత్రము అడుగుకు తగినట్లు ఆడును. బరువు నేరుగా వెన్నుపూసలమీదుగా తుంటి ఎముకలకు, అచ్చటనుండి కాళ్ళకు దిగును. ముందుకు గాని వెనుకకు గాని లాగు శక్తి లేదు గనుక దేహము దానితో పెనుగులాడ నక్కరలేదు. తూర్పు ఆఫ్రికాలో బరువులు మోయు స్త్రీలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 1986లో ఒక విశేషమును ప్రకటించిరి. అలవాటుపడిన ఆ స్త్రీలు తమ దేహభారములో ఐదవవంతు వరకు మోసినను, ఉత్తచేతులతో నడచుటకన్న అదనముగ శక్తి ఖర్చు కాలేదట. తలపై బరువు మోయుట మోటు పద్ధతి యని తలచువారు ఈ మాటను గుర్తుంచుకొనవలెను.

రెండవ సమాధానము కావడి. ఒక వెదురుబద్ద, రెండు కొనలను రెండు సమభారములు, నడుమ ఒక భుజము. కావడిబద్ద గట్టి కఱ్ఱ గాక, వంగి లేచు వెదురు కావలెనని మోయువాడు కోరును. కారణ మేమి? అడుగు పడినప్పుడెల్ల మనిషి దేహము కొంచెము లేచి దిగును. బద్ద బిగువుగ నున్నచో బరువుకూడ దానితో లేచి దిగి, భుజమును ప్రతి అడుగునను కొట్టును. బద్ద వంగునదైనచో బరువు ఇంచుమించు ఒకే మట్టమున సాగిపోవును. ఊపును బద్ద మ్రింగును. అమెరికా శాస్త్రజ్ఞుడు రోజర్ క్రామ్ 1991లో, ఊగెడి బద్దలతో బరువు మోయుచు పరుగెత్తిన మనుషులను పరీక్షించి, శక్తి వ్యయము తగ్గలేదుగాని భుజముమీద పడు తాకిడి బాగుగ తగ్గినదని కనుగొన్నాడు. ఈ సంగతి మన కావడివాని భుజమునకు ఎప్పుడో తెలిసినదే.

అయితే ఈ రెండు పద్ధతులకును ఒక షరతు ఉన్నది. నేల సమముగ నుండవలెను. దారి వెడల్పుగ నుండవలెను. నిటారు కొండపై తలమీది గంప నిలువదు. ఇరుకు బండల నడుమ కావడి తిరుగదు. గాలి వీచినప్పుడు రెండును ప్రమాదమే. పైగా కొండ ఎక్కువానికి రెండు చేతులును ఖాళీగ ఉండవలెను. ఒక్కొక్కచోట ఆ చేతులే వాని ప్రాణము. కాబట్టి పర్వత ప్రాంతములలో బరువు తలనుండియు భుజమునుండియు వీపునకు మారినది.

ఈ మార్పు ఎంత ప్రాచీనమో తెలుపు సాక్ష్య మొకటి 1991 సెప్టెంబరు 19న దొరకినది. ఇటలీ, ఆస్ట్రియా దేశముల సరిహద్దున, ఆల్ప్సు పర్వతములలో 3,200 మీటర్ల ఎత్తున, మంచు కరగిన చోట ఒక మానవదేహము బయటపడినది. అది సుమారు 5,300 ఏండ్ల క్రిందటి మనిషిది. ఓట్జీ యని లోకము వానికి పేరుపెట్టినది. వాని దాపున, అరసున్నవలె వంచిన పొడవైన కఱ్ఱయొకటి, రెండు చెక్కపలకలు దొరకినవి. అవి వీపున బరువు మోయుటకు కట్టుకొనిన చట్రపు భాగములని పలువురు పండితుల ఊహ. కాదనువారును కలరు. ఔననుకొన్నచో, మన కావలి పాకలోని ఉక్కు చట్రమునకు ఐదువేల యేండ్ల పూర్వీకుడు ఆ కఱ్ఱయే.

అటుపిమ్మట చాలకాలము ఐరోపా కొండలలో వేటగాండ్రు, పశువుల కాపరులు వాడినది కేవలము సంచియే. మూతి బిగించుటకు ఒక త్రాడు, భుజములకు రెండు పట్టీలు. 19వ శతాబ్దిలో ఆల్ప్సు శిఖరములు ఎక్కుట ఒక వేడుకగ మారినప్పుడు, నగరములనుండి వచ్చిన ఆరోహకులు ఆ సంచినే అందుకొన్నారు. చట్రము లేని సంచిలో బరువు అడుగునకు జారి, వీపునకు దూరముగ గుండ్రని మూటయై వ్రేలాడును. అది మనిషిని వెనుకకు లాగును. వాడు పడకుండుటకై ముందుకు వంగవలసి వచ్చును. వంగిన నడుము నొచ్చును. పట్టీలు భుజములను కోయును. వీపునకు అంటుకొనిన గుడ్డ చెమటతో తడిసిపోవును. బరువు పది కిలోలే యైనను, దానిని వెనుకకు పోనీయక ఆపుటకు దేహము పడు శ్రమ అంతకు మించును.

ఈ కష్టమునకు మందు కనిపెట్టినవాడు నార్వే దేశీయుడైన ఓలే బెర్గాన్. 1908లో ఆయన వేటనుండి బరువైన సంచితో తిరిగివచ్చుచు, దారిలో ఒక చెట్టుకొమ్మను తన వీపు వంపునకు తగినట్లు వంచి సంచికి కట్టుకొన్నాడని చెప్పుదురు. ఆ కొమ్మకు బదులు ఉక్కు గొట్టమును వంచి చేసిన చట్రమునకు ఆయన 1909లో పేటెంటు పొందినాడు. చట్రము రెండు మేలులు చేసినది. సంచిని వీపునుండి కొంచెము ఎడముగ నిలిపి గాలి ఆడనిచ్చినది. బరువు మూటగ జారిపోకుండ ఆపి, అందులో కొంత భాగమును నడుము క్రింది భాగమునకు దింపినది. వీపుసంచికి వెన్నెముక వచ్చిన రోజది. ఆయన పేరు ఎంతగ వాడుకలో పడినదనగా, బ్రిటిషు సైనికులు వీపుసంచిని ‘బెర్గెన్’ అనియే పిలుచుచున్నారు. విస్సన్నపేట తోటలోని సంచి ఆ బెర్గెన్ రకమునకు చెందినదే.

అమెరికాలో ఇదే ఆలోచన మరియొక దారిన నడచినది. లాయిడ్ నెల్సన్ అను ఆయన అలాస్కాలో అచ్చటి ఆదివాసులు కఱ్ఱలతోను సీలు చర్మముతోను చేసికొనిన మోత చట్రమును చూచి, దానిని చెక్కతోను కాన్వాసుతోను తిరిగి నిర్మించి, 1924లో పేటెంటు పొందినాడు. ఆ చెక్క చట్రము ‘ట్రాపర్ నెల్సన్’ అను పేర అడవి ఉద్యోగులకును యాత్రికులకును చాలకాలము తోడుగ నిలిచినది. ఆదివాసి చేతిలో పుట్టిన పనిముట్టు పట్టణమునకు చేరి, పేటెంటుతోను పేరుతోను వెలసినది. పనిముట్ల చరిత్రలో ఇది తరచు జరుగు సంగతియే. మన గోనెసంచిని చూడుడు. ఇంగ్లీషువారి ‘గన్నీ’ అను మాట మన దేశపు ‘గోణి’ నుండి పోయినదే గదా!

కాన్వాసు సంచి గట్టిది; ముళ్ళకును రాళ్ళకును త్వరగా చిరుగదు. కాని ఖాళీగ నున్నప్పుడే చట్రముతో కలసి మూడు కిలోలు తూగును. తడిసినచో ఇంకను బరువెక్కును. మంచులో గడ్డకట్టిన కాన్వాసు అట్టవలె బిఱుసెక్కి, తోలుపట్టీలు బకిళ్ళలోనుండి రాక మొరాయించును. చేతులు కొయ్యబారిన వేళ ఆ బకిలును విప్పుట ఎంతటి పనియో మైదానమున నున్న మనకు ఊహకు అందదు.

సంచి విప్పుట ఒక మనిషి బ్రతుకును ఎట్లు మార్చినదో చెప్పు ఉదంత మొకటి కలదు. 1950 జూన్ 3న ఫ్రెంచి ఆరోహకులు మోరిస్ హెర్జోగ్, లూయీ లషెనాల్ అన్నపూర్ణ శిఖరమును చేరిరి. ఎనిమిదివేల మీటర్లకు మించిన శిఖరమును మనిషి ఎక్కుట అదే ప్రథమము. దిగివచ్చునప్పుడు హెర్జోగ్ సంచి తెరచుటకై చేతితొడుగులు తీసి మంచుపై పెట్టినాడు. అవి జారి, చూచుచుండగనే వాలు వెంట దొర్లిపోయినవి. సంచిలో అదనపు మేజోళ్ళు ఉన్నవి; వానిని చేతులకు తొడుగుకొనవచ్చునని అలసిన బుద్ధికి తోచలేదు. తరువాత ఆయన చేతివ్రేళ్ళను పోగొట్టుకొనవలసి వచ్చినది. అత్యవసరమైన వస్తువు పైజేబులో, చేతితొడుగుతోనే అందునట్లు ఉండవలెనని ఆరోహకులు నేటికిని చెప్పుకొను నీతి ఇటువంటి అనుభవములనుండి వచ్చినదే.

మూడేండ్ల పిమ్మట, 1953 మే 29న, టెన్సింగ్ నార్కే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టు శిఖరముపై నిలిచిరి. ఆ ముందటి దినమున ఏమి జరిగినదో చాలమందికి తెలియదు. చివరి మజిలీకై గుడారము, ఆహారము, ప్రాణవాయువు సీసాలు సుమారు 8,500 మీటర్ల ఎత్తునకు చేర్చవలసి వచ్చినది. మోయుటకు నియమింపబడిన షెర్పాలలో ఇద్దరు అస్వస్థులైరి. ఉన్న ఐదుగురును ఆ బరువును పంచుకొన్నారు. దారిలో, రెండు దినముల ముందు జాన్ హంట్, దా నామ్‌గ్యాల్ దింపిపోయిన సామానునుకూడ ఎత్తుకొన్నారు. హిల్లరీ వీపున ఆనాడు ఉన్న భారము 63 పౌనులు, అనగా 28 కిలోలకు పైగా. నేలమీద ఆ బరువు మన తోటలో ఒక నిండు గంపకు సమానము. గాలి పలుచనైన ఆ ఎత్తున దానితో ఒక్కొక్క అడుగు వేయుటయే తపస్సు.

ఈ నడుమనే, 1952లో, అమెరికాలోని కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అను వడ్రంగి తన ఇంటిలోనే వీపుసంచులు తయారుచేయ నారంభించినాడు. చట్రమునకు విమానములలో వాడు తేలిక అల్యూమినియము గొట్టములు. సంచికి కాన్వాసునకు బదులు నైలాను. కుట్టుపని ఆయన భార్య నీనా చేసినది. మొదటి సంవత్సరము అమ్మినవి 29 సంచులే యట. కాని ఆ సంచిలో ఒక కొత్త సంగతి ఉన్నది. కొండదారిలో నడచుచు కెల్టీయు, ఆయన మిత్రుడును చట్రపు అడుగు కొనలను తమ పంట్లాము వెనుక జేబులలో దూర్చి చూచిరని, తత్‌క్షణమే భుజములు తేలికపడినవని చెప్పుదురు. జేబునకు బదులు నడుము చుట్టును పట్టీ యొకటి వచ్చినది. బరువు భుజములను విడిచి తుంటి ఎముకలమీద కూర్చున్నది.

ఇది చిన్న మార్పువలె కనబడును. దేహనిర్మాణమును తలచినచో దీని విలువ తెలియును. భుజములను నిలిపి ఉంచునవి కండరములు. అవి అలసిపోవును, పట్టీ క్రింద నరములు నొక్కుకొని చేతులు తిమ్మిరెక్కును. తుంటి అట్లు కాదు. అది కాళ్ళపై నేరుగా ఆనిన పెద్ద ఎముకల కూడలి. జీవితమంతయు మన దేహభారమును మోయుచున్నదే. చంటిబిడ్డను చంకనెత్తుకొను తల్లి బిడ్డను ఎచ్చట కూర్చుండబెట్టుచున్నది? తుంటిమీదనే. నీళ్ళబిందెకును అదే చోటు. మన ఇండ్లలో నిత్యము కనబడు ఈ సంగతి కొండల సంచికి చేరుటకు 20వ శతాబ్ది నడిమి వరకు పట్టినది.

కెల్టీ సంచులు 1963లో అమెరికను దళముతోబాటు ఎవరెస్టుకు పోయినవి. అంతలో మరియొక చిక్కు ఎదురైనది. వెలుపలి చట్రము బాటవెంట నడచువానికి సుఖము. నిలువు బండ నెక్కువానికి ఇబ్బంది. చట్రము పైకి పొడుచుకొనివచ్చి తలకు తగులును. ప్రక్కకు తిరిగినప్పుడు బరువు ఆలస్యముగ ఊగి మనిషిని పట్టు తప్పించును. 1967లో గ్రెగ్ లోవ్ అను అమెరికను ఆరోహకుడు చట్రమును సంచిలోపలనే ఇమిడ్చినాడు. సంచి వీపునకు దగ్గరగ హత్తుకొనినది. మనిషితోబాటు తిరుగుట నేర్చినది. నేడు కొండలమీద కనబడు వీపుసంచులలో అధిక భాగము ఈ కుదురునుండి వచ్చినవే. దుకాణములో మెరయుచున్న కొత్త సంచిని విప్పి చూచినచో, లోపల రెండు పలుచని అల్యూమినియము పట్టెలో, ఒక ప్లాస్టికు పలకయో కానవచ్చును. అవి బెర్గాన్ వంచిన కొమ్మకు మనుమలు.

ఇంతవరకు చెప్పినది పేటెంట్ల చరిత్ర. దీని ప్రక్కనే వ్రాతకెక్కని చరిత్ర యొకటి నడచినది. 1953నాటి ఎవరెస్టు దళమువెంట 10,000 పౌనుల సామాను పోయినది. అది కొండదారిన నడచిపోయినది 362 మంది కూలీల వీపులమీద. 1963నాటి దళమునకు 900 మందికి పైగా కూలీలు పనిచేసిరి. వారు కెల్టీ సంచులను మోసినవారు కారు. వారిది ‘డోకో’ అను వెదురుబుట్ట. ‘నామ్లో’ అను పట్టీ. ఆ పట్టీ బుట్ట అడుగునుండి వచ్చి నడినెత్తికి ఆనును. బరువు మెడమీదుగ వెన్నులోనికి దిగును. అనగా మన గంప సూత్రమునే కొండకు తగినట్లు వీపునకు దించినారు.

2005లో బెల్జియము శాస్త్రజ్ఞులు నేపాలులో అట్టి కూలీలను పరీక్షించి ప్రకటించిన అంకెలు ఆశ్చర్యము గొలుపును. పురుషులు సగటున తమ దేహభారములో 93 శాతము, స్త్రీలు 66 శాతము మోయుచుండిరి. పురుషులలో ఐదవవంతుమంది మోత తమ బరువునకు ఒకటింబావు మించినది. అంత బరువుతోను వారి దేహము ఖర్చుచేయు శక్తి, నవీనమైన వీపుసంచి తగిలించుకొన్న ఐరోపావాసి ఖర్చుకన్న పొదుపుగ నున్నది. నెమ్మదిగ నడచుట, మాటిమాటికి ఆగుట, చేతికఱ్ఱపై బుట్టను ఆనించి ఊపిరి తీసికొనుట వారి విద్య. అయితే శక్తి పొదుపైనంతమాత్రమున మెడనొప్పి లేదని గాని, మోకాళ్ళు అరుగవని గాని తలచరాదు. అంత మోయుట వారి కోరిక కాదు; కూలి బరువునుబట్టి వచ్చును. టెన్సింగ్ నార్కే స్వయముగ 1935లో బరువులు మోయువానిగనే ఎవరెస్టు దారి పట్టినాడు. 1954లో డార్జిలింగులో హిమాలయ పర్వతారోహణ సంస్థ స్థాపింపబడినప్పుడు అందులో క్షేత్రశిక్షణకు ఆయనయే తొలి డైరెక్టరైనాడు. మోసినవాడు నేర్పువాడగుట ఈ చరిత్రలో ఒక వెలుగు.

ఆ వెలుగు తెలుగునేలమీదను పడినది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్, ఇద్దరును సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. భువనగిరి ఏకశిలపై త్రాడు పట్టుట నేర్చి, డార్జిలింగులోను లడఖ్‌లోను శిక్షణ పొంది, 2014 మే 25న టిబెట్ వైపునుండి ఎవరెస్టు శిఖరమును చేరిరి. అప్పటికి పూర్ణ వయస్సు 13 ఏండ్ల 11 నెలలు. శ్రమజీవుల ఇండ్లనుండి వచ్చిన బిడ్డలు వారు. కాయకష్టము వారి పెద్దలకు బ్రతుకుతెరువు; ఈ బిడ్డలు అదే దేహబలముతో లోకములో మిక్కిలి ఎత్తైన చోట నిలిచిరి.

నెల్లూరు జిల్లా గాంధీజనసంఘమున పుట్టిన మల్లి మస్తాన్‌బాబును గూడ ఇచ్చట తలచుకొనవలెను. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, ఇంజనీరై, 2006లో ఏడు ఖండముల ఏడు ఉన్నత శిఖరములను 172 దినములలో ఎక్కినాడు. 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములలో ఒంటరిగ ఎక్కుచు మరణించినాడు. ఒంటరి ఆరోహకునికి ఇల్లు, వంటిల్లు, మందులపెట్టె అన్నియు వీపుసంచియే. ఏది ఉంచవలెను, ఏది విడువవలెను అను లెక్కలో తప్పు దొర్లినచో సరిదిద్దు చేయి మరియొకటి అచ్చట ఉండదు.

మనలో చాలమంది కొండలు ఎక్కబోము. అయినను ఈ వీపుసంచి మన ఇంటిలోనికి వచ్చి కూర్చున్నది. ప్రతి ఉదయమున పిల్లలు బడికి మోయు సంచి దీని తమ్ముడే. కాని అన్నకుగల చట్రము గాని, నడుము పట్టీ గాని పిల్లల సంచికి సామాన్యముగ నుండవు. అనగా 1909కి పూర్వపు సంచిని మనము పిల్లల వీపున వేయుచున్నాము! బడిసంచి బరువు బిడ్డ దేహభారములో పదవవంతునకు మించరాదని కేంద్ర ప్రభుత్వము 2020లో ప్రకటించిన విధానము చెప్పుచున్నది. ముప్పది కిలోల బిడ్డకు మూడు కిలోలు. ఇంటిలో కాటా ఉన్నవారు ఒకసారి తూచి చూచినచో సంగతి తెలియును.

బరువు తగ్గించుట మన చేతిలో లేకున్నను, దానిని సరిగ నిలుపుట మన చేతిలోనిదే. కొండవారి అనుభవము చెప్పు సూత్రములు మూడు. బరువైన పుస్తకములు వీపునకు ఆనుకొని లోపలివైపున ఉండవలెను; తేలికవి వెలుపలికి. సంచి పిరుదులకు దిగి వ్రేలాడకుండ పట్టీలు బిగించి, నడుము పైన నిలుపవలెను. రెండు పట్టీలను రెండు భుజములకు తగిలించుకొనవలెను. ఒక్క భుజమున వ్రేలాడదీసికొనుట చూచుటకు సొగసేమో గాని, వెన్నును ప్రక్కకు వంచును.

ఇవి పుస్తకములో చదివి ఒప్పుకొన్న మాటలు మాత్రమే కాదు. ఆనాడు తోటలో యజమాని అనుమతితో ఆ పాత సంచిని నేనును మోసి చూచితిని. కాటాపై తూచి 15 కిలోల కాయలు అందులో పోసినారు. పట్టీలు వదులుగ నున్నప్పుడు నాలుగు బారలు నడచుసరికి భుజములు మండినవి. మెడ ముందుకు సాగినది. పట్టీలు బిగించి, చట్రపు అడుగుభాగము నడుము దిగువన ఆనునట్లు సర్దుకొనగా, అదే బరువు సగమైనట్లు తోచినది. కాయలు అవే, సంచి అదే, దారి అదే. మారినది బరువు నిలిచిన చోటు.

నా పాట్లు చూచి గంపలు మోయు ఆడవారు నవ్వుకొన్నారు. వారిలో పెద్దామె, ముప్పది యేండ్లుగ కోతల పనిచేయుచున్నదట, గంప దింపి చుట్టకుదురు చేత పట్టుకొని, “మెడ అల్లాడకూడదండీ బాబుగారూ. మెడ నిలబడితే గంప అదే నిలబడుద్ది,” అన్నది. “మరి నొప్పి లేదా?” అంటిని. “ఎందుకుండదండీ? రాత్రికి తెలుసుద్ది,” అని మరల గంప ఎత్తుకొన్నది.

ఆ రెండు మాటలును కలిపి వినవలెను. మొదటిది విద్య, రెండవది దాని వెల. కొండలకు పోవువాని సుఖమునకై నూరేండ్లుగ చట్రములు వంచినారు, లోహములు మార్చినారు, పట్టీలకు మెత్తలు కుట్టినారు. గంప మోయువారి మెడకు ఆ శ్రద్ధలో ఎంత భాగము దక్కినది? ఇప్పుడు తోటలలోనికి ప్లాస్టికు ట్రేలు వచ్చినవి. వరుసల నడుమకు ట్రాక్టరు వచ్చుచున్నది. అది మేలే. కాని చెట్టు మొదలునుండి ట్రాక్టరు వరకు గల ఆ కొద్దిదూరము ఇంకను మనిషి తలమీదనే సాగుచున్నది. ఆ కొద్దిదూరమునకు తగిన పనిముట్టు చేయుట హిమాలయ మెక్కుటకన్న కష్టమైన పని కానేరదు. ఇంజనీరింగు చదువుచున్న మన యువకులలో ఎవరైనను ఒక వేసవి కోతల కాలమున విస్సన్నపేట తోటలకు పోయి, ఆ పెద్దామె నడకను చూచి, ఆమెనే అడిగి, అట్టి పనిముట్టు నొకదానిని చేసిచూపుదురు గాక.

పాత సంచి మరల నిట్రాటకు చేరినది. కొడవళ్ళు, పురికొస, టార్చిలైటు యథాస్థానమున సర్దినారు.